సారా పని కాదు, ఈస్ట్ చదువు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. డిగ్రీ అయ్యాక వైన్ తయారీ నేర్చుకుంటానంటోంది, అదీ వైట్ వైన్. సారా పనికి చదువేమిటని ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ భయం నాకు అర్థమైందండీ. కానీ మీ అమ్మాయి చదువు వదిలేసి వేరే దారి పట్టడం లేదు. ద్రాక్షరసంలోని చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. దాన్ని అదుపులో పెట్టడం మైక్రోబయాలజీ చదివినవాళ్ల పనే.

వైట్ వైన్‌లో ఆ పని మరీ సున్నితం. రెడ్ వైన్‌కు ద్రాక్షను తొక్కలతోనే పులియబెడతారు, రంగూ వగరూ వాటి నుంచే దిగుతాయి. వైట్ వైన్‌కు ముందే ద్రాక్షను పిండేసి, తొక్కలు తీసేసి, రసం ఒక్కటే పులియబెడతారు. అందుకే నల్లద్రాక్షతోనూ వైట్ వైన్ వస్తుంది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో పినో న్వార్ అనే నల్లద్రాక్షతో చేసేది అదే. గాలి తగిలితే ఈ రసం కోసిపెట్టిన ఆపిల్‌లా రంగు మారుతుంది, వేడెక్కితే వాసన పోతుంది. కాబట్టి చల్లని వేళ కోసి, స్టీలు ట్యాంకుల్లో సుమారు 12 నుంచి 18 డిగ్రీల మధ్య పులియనిస్తారు. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఉంటే 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. కోత ఏ రోజో తేల్చడంలో ఈ లెక్కదే పెద్ద పాత్ర.

సారా అన్నారు కనుక ఒక మాట, వైన్ చాలా పాత విద్య. జార్జియా దేశంలో దాదాపు 8 వేల ఏళ్ల నాటి కుండల్లో వైన్ ఆనవాళ్లు దొరికాయని 2017లో ప్రకటించారు. అక్కడ భూమిలో పాతిన క్వెవ్రీ కుండల్లో తెల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెట్టే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆ వైన్ తేనె రంగులో ఉంటుంది. ఈ క్వెవ్రీ విద్యకు 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇబ్బందులూ దాచను. మన దేశంలో ఉద్యోగాలు తక్కువ, ఎక్కువగా నాసిక్, కర్ణాటక వైపే. రుచి చూడటం పనిలో భాగం, చూసి ఉమ్మేస్తారు. పులిసే గదిలో కార్బన్ డయాక్సైడ్ ప్రాణం మీదికి తెస్తుంది, జాగ్రత్తలు నేర్చుకోవాలి. వైన్ కుదరకపోయినా ఈస్ట్ తెలిసినవాళ్లకు ఆహార, మందుల పరిశ్రమల్లో చోటుంటుంది.

ఫ్రాన్స్‌లోని మాంపెలియే, జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో మంచి కోర్సులున్నాయి, కానీ ఇప్పుడే అప్పు చేయకండి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ)లో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీకి అర్హతలు చూడండి. నాసిక్‌లో కోతలు జనవరి నుంచి మార్చి దాకా ఉంటాయి. ఆ రోజుల్లో ఒక వైనరీలో ఇంటర్న్‌షిప్ అడగమనండి. మొదటిసారి మీరూ వెంట వెళ్లి, ల్యాబ్ చూపించమని అడగండి.