'చివరి' అనే మాట కొట్టేశాను

తమ్ముడూ,

నీ వ్యాసం శుక్రవారమే అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి ఊరికే, ఇంకోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. కంగారు పడకు. బొత్తిగా బాగాలేని రాతకి ఇంత ఉత్తరం రాసే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

నీ శీర్షిక 'కొచ్చిలో చివరి యూదులు'. లోపల 'చివరి' అన్న మాట పద్నాలుగు చోట్ల ఉంది. వేలు పెట్టి లెక్కపెట్టాను. పద్నాలుగూ కొట్టేశాను, శీర్షికతో సహా.

ఇది నీ ఒక్కడి తప్పు కాదులే. నేనూ అలాగే మొదలుపెట్టాను. 1987లో బ్యాంకువాళ్ళు నన్ను ఎర్నాకుళం ట్రాన్స్‌ఫర్ చేశారు. ఆదివారాలు ఏం తోచేది కాదు, పడవెక్కి, కొచ్చిలో యూదులుండే మట్టాంచేరి పోయేదాన్ని. జ్యూ టౌన్ వీధిలో అప్పుడింకా పాత సామాన్ల కొట్లు ఇన్ని లేవు. మిరియాలు, శొంఠి గోదాముల ఘాటుకి తుమ్ములు వచ్చేవి. ఒక ఇంటి కిటికీ పక్కన పెద్దావిడ కూర్చుని గుడ్డ మీద అల్లిక పని చేసుకుంటోంది. నేను తిన్నగా వెళ్ళి, పలకరింపు కూడా లేకుండా, "ఎంతమంది మిగిలారండీ?" అని ఇంగ్లీషులో అడిగేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి, మీదే ఊరు అంది. రాజమండ్రి అన్నాను. "అక్కడ మీ ఇంట్లో ఎంతమంది మిగిలారు?" అంది.

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ముందటేడే మా నాన్నగారు పోయారు.

తర్వాత ఆవిడే జాలిపడి లోపలికి రమ్మంది. పొయ్యి మీద కొబ్బరిపాలతో కోడికూర ఉడుకుతోంది. మాంసాన్నీ పాలనీ కలపకూడదన్నది మోషే ప్రవక్త నుంచి వచ్చిన వాళ్ళ నియమం. అంటే పెరుగు, నెయ్యి, వెన్న ఏవీ కూరలో పడకూడదు. కొబ్బరిపాలకి ఆ పట్టింపు లేదు. అవి చెట్టు నుంచి వచ్చాయి గానీ పశువు నుంచి కాదు కదా. "మోషే మలబారులో పుట్టలేదు గానీ, మా కోసం కొబ్బరిచెట్టు ముందే పెట్టారు" అని నవ్వింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నీ ఎనిమిది పేజీల్లో పొయ్యి ఎక్కడా లేదు తమ్ముడూ. గోడలున్నాయి, సమాధులున్నాయి, సూర్యాస్తమయం రెండుసార్లు ఉంది.

ఇంకో మాట, నవ్వకుండా చెబుదామనుకున్నాను, కుదరట్లేదు. 'మూతబడిన తలుపుల వెనక మూగబోయిన ప్రార్థన' అని ఒక పేరా రాశావు. ఆ పైపేరాలో నువ్వు వెళ్ళింది శనివారమని నువ్వే రాశావు. శనివారం వాళ్ళకి సబ్బాతు, అంటే విశ్రాంతి రోజు నాయనా, ఆ రోజు టూరిస్టుల్ని రానివ్వరు. ఆదివారం పోయి ఉంటే చెప్పులు బయట విడిచి, టికెట్టు కొనుక్కుని వాళ్ళ ప్రార్థనాలయం లోపలికి వెళ్ళేవాడివి. మన గుళ్ళలో లాగే అక్కడ వట్టికాళ్ళతోనే నడవాలి. కాళ్ళ కింద నీలం, తెలుపు చైనా పలకలుంటాయి, 18వ శతాబ్దంలో కాంటన్ నుంచి వచ్చినవి. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవని గైడ్లు చెబుతారు. నువ్వూ అదే రాశావు, చూడకుండానే. ఈసారి వెళ్ళినప్పుడు ఒక మూల బల్ల మీద అరగంట కూర్చుని నీ కళ్ళతో చూసి రాయి.

ఇక అసలు సంగతి. 'అంతరించిపోయారు' అన్నావు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో నీకు తెలియాలి, మీ ఇంట్లో సగం మంది డల్లాస్‌లో ఉన్నారు కదా.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి కొచ్చి చుట్టుపక్కల ఇంచుమించు 2,500 మంది యూదులు ఉండేవాళ్ళు. ఎనిమిది ప్రార్థనాలయాలు ఉండేవి. మట్టాంచేరిలో మూడు, ఎర్నాకుళంలో రెండు, పరవూరు, చేందమంగలం, మాళల్లో ఒక్కొక్కటి. నువ్వు చూసింది వాటిలో ఒక్కటే, 1568లో కట్టిన పరదేశి సినగాగ్. అది కూడా బయట నుంచి. తక్కినవాటిని మలబారీ యూదులు, అంటే అంతకు ముందునుంచీ ఈ తీరంలో ఉన్నవాళ్ళు కట్టుకున్నారు, జనంలో ఎక్కువమంది వాళ్ళే. పేర్లు చూడు ఎంత బాగుంటాయో: కడవుంభాగం, తెక్కుంభాగం. కడవు అంటే రేవు, తెక్కు అంటే దక్షిణం. రేవు వైపుది, దక్షిణం వైపుది, అంతే. ఊళ్ళో వాళ్ళంతా ప్రార్థనాలయాన్ని 'పళ్ళి' అంటారు. చర్చీ పళ్ళే, మసీదూ పళ్ళే, ఇదీ 'జూతపళ్ళి'. నువ్వు ప్రతిచోటా 'సినగాగ్' అని రాసి పక్కనే 'యూదుల దేవాలయం' అని వివరణ ఇచ్చావు. ఒక్కసారి పళ్ళి అని చెప్పి వదిలెయ్యి, పాఠకుడు పట్టుకుంటాడు.

1950ల్లో ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. వెళ్ళమని వాళ్ళని ఎవరూ తరమలేదు. యెరూషలేము కోసం తరాల తరబడి చేసిన ప్రార్థన అది. అయినా అనుకోగానే ఓడ ఎక్కలేదు. కేరళ తీరంలో బోదకాలు జబ్బు ఎక్కువని, అది తమ దేశానికి అంటుకుంటుందని ఇజ్రాయెల్ అధికారులు చాలాకాలం ఆపారు. ఇళ్ళూ వాకిళ్ళూ అమ్మేసుకుని, మూటలు కట్టుకుని, అనుమతి కోసం ఎదురుచూస్తూ గడిపారు జనం. ఆ ఎదురుచూపుకి నీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. నన్నడిగితే రెండు పేజీలు దానికే ఇస్తాను. అమ్మేసిన ఇంట్లో అద్దెకి ఉండటం ఎలా ఉంటుందో ఊహించు.

అక్కడికి వెళ్ళాక నెగెవ్ ఎడారిలో నెవాతిమ్, యెరూషలేము దారిలో మెసిలాత్ సియోన్, ఇంకా అలాంటి పల్లెల్లో స్థిరపడ్డారు. వానలకీ కాలవలకీ అలవాటైన మనుషులు ఇసకలో కోళ్ళు పెంచారు, పూలు పండించి యూరప్‌కి పంపారు. మనవళ్ళు పుట్టారు. వాళ్ళు ఇవాళ బతికే ఉన్నారు, వాళ్ళని అడగకుండా నువ్వు 'చివరి' అని తేల్చేశావు.

మాళ సంగతి విను. 1955లో అక్కడివాళ్ళు వెళ్తూ వెళ్తూ పళ్ళినీ శ్మశానాన్నీ పంచాయతీకి అప్పగిస్తూ ఒప్పందం రాసుకున్నారు. భవనాన్ని ఇంకే మతం ప్రార్థనలకీ వాడకూడదు, సమాధుల జోలికి పోకూడదు. మళ్ళీ తిరిగిరామని తెలిసినవాళ్ళు రాయించిన కాగితం అది. తర్వాత ఆ శ్మశానం స్థలంలోనే స్టేడియం లేచింది, గొడవలు నడిచాయి. నీ సూర్యాస్తమయాలు రెండూ తీసేసి ఆ కాగితం పెట్టు.

మట్టాంచేరి కడవుంభాగం కథ ఇంకో రకం. భవనం సరుకులు దాచుకునే గోదాము అయింది. లోపలి చెక్కడాలు, రంగులద్దిన కొయ్య పైకప్పు 1990ల్లో యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియానికి వెళ్ళాయి, అక్కడ అద్భుతంగా నిలబెట్టారు. ఇక్కడ మిగిలిన గోడలు 2019 వానలకి కొంత కూలాయి. అది మంచి పనా, చెడ్డ పనా? నా అభిప్రాయం అడిగితే, తీసుకెళ్ళి మంచి పనే చేశారు. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఏదో ఒక పక్షం తీసుకుని రాయి, 'కాలగర్భంలో కలిసిపోయింది' అని తప్పించుకోకు.

ఇప్పుడు కాస్త కోపంగానే ఒక మాట. 'కుల మత భేదాలు ఎరగని ఈ పుణ్యభూమిలో' అని మొదలుపెట్టావు చూడు, ఆ పేరా మొత్తం తీసెయ్యి. రాజులు చోటిచ్చారు, నిజమే. కొచ్చి రాజు తన కోట పక్కనే, గుడికి ఆనుకునే స్థలం ఇచ్చాడు. అదీ నిజమే. 1662లో పోర్చుగీసువాళ్ళు వచ్చి అక్కడి పరదేశి పళ్ళిని ధ్వంసం చేశారు. ఆ మరుసటి ఏడు డచ్చివాళ్ళు గెలిచాకే యూదులు మళ్ళీ ఊపిరి పీల్చుకున్నారు. కానీ నువ్వు రాయని భేదం ఆ పళ్ళి లోపలే ఉంది. స్పెయిన్ నుంచీ బాగ్దాద్ నుంచీ వచ్చిన కుటుంబాలవాళ్ళు తమని 'తెల్ల యూదులు' అనుకున్నారు. మలబారీలని 'నల్ల యూదులు' అన్నారు, ఆ మాట మలబారీలు తమకి తాము పెట్టుకున్నది కాదు. అందరికంటే కింద ఒకప్పటి బానిసల సంతతి. హీబ్రూలో 'మెషుహ్రరిమ్' అంటారు, విడుదలైనవాళ్ళు అని. విడుదలైతే అయ్యారు గానీ, పరదేశి పళ్ళిలో వాళ్ళకి బల్ల మీద చోటు లేదు. వెనక నేల మీదా, మెట్ల మీదా కూర్చోవాలి. వాళ్ళ ధర్మగ్రంథం తోరా చదవడానికి పిలుపు రాదు. చదువుతుంటే మనకి ఏ ఊరు గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ కుటుంబాల్లో పుట్టినవాడే ఎ.బి. సేలం. 1882లో పుట్టాడు, లాయరయ్యాడు, కొచ్చి శాసనసభలో కూర్చున్నాడు, 1929 లాహోర్ కాంగ్రెస్‌కి వెళ్ళొచ్చాడు. బయట ఇంత చేసినవాడికి తన పళ్ళిలో కూర్చునే హక్కు లేదు. గాంధీ దగ్గర నేర్చుకున్న సత్యాగ్రహాన్ని తన పళ్ళిలోనే చేశాడు. ఆయన్ని 'యూదు గాంధీ' అన్నారు. ఆయన కొడుకు 1950లో తెల్ల యూదుల అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలంటే బొంబాయి పోవలసి వచ్చింది. కొచ్చి యూదులు తొందరగా ఇజ్రాయెల్ చేరడానికి అక్కడికి వెళ్ళి అధికారులతో మాట్లాడి వచ్చినవాడూ ఈయనే. తను మాత్రం వెళ్ళలేదు. 1967లో ఇక్కడే పోయాడు. నువ్వు నడిచిన ఆ రోడ్డుకి పేరు ఆయనదే. బోర్డు చూసి ఉండవు, ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నడిచుంటావు.

నీ వ్యాసంలో ఆడవాళ్ళు కూడా లేరు. ఫోటోల్లో ఉన్నారు, మాటల్లో లేరు. కొచ్చి యూదు స్త్రీలు మలయాళంలో పాటలు కట్టి, పెళ్ళిళ్ళలో పండగల్లో మగవాళ్ళ ఎదుటే పాడేవాళ్ళు. ఆ పాటల్ని నోటు పుస్తకాల్లో చేత్తో రాసి పెట్టుకునేవాళ్ళు, తల్లి నుంచి కూతురు ఎత్తి రాసుకునేది. ఓడ ఎక్కేటప్పుడు ఆ పుస్తకాలూ పెట్టెల్లో వెళ్ళాయి. 1970ల నుంచి పరిశోధకులు వాటిని వెతికి పోగుచేస్తే వందల పాటలు తేలాయి. ఆ పనిలో చెయ్యి కలిపినావిడ రూబీ డేనియల్, సేలం లాగే మెషుహ్రర్ కుటుంబం నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నౌకాదళం మహిళా విభాగంలో పనిచేసింది, 1951లో ఇజ్రాయెల్ వెళ్ళింది, ముసలితనంలో తన కథ తనే రాసింది. నువ్వు రాసేముందు ఆవిడ గొంతు వినాలి. మా అమ్మమ్మ మంగళహారతుల పుస్తకం నేను 1994లో ఇల్లు మారుతూ పాత పేపర్లవాడికి వేసేశాను. కాబట్టి ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, భరించు.

రాగిరేకుల పేరా బాగుంది, ఉంచు. సుమారు క్రీ.శ. 1000లో చేర రాజు భాస్కర రవివర్మ, యూదుల పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కి 72 హక్కులు ఇచ్చాడని రాసి ఆపేశావు. హక్కులంటే ఏమిటో చెప్పు. పట్టపగలు దీపం, నడిచే దారిలో పరిచే గుడ్డ, పల్లకి, గొడుగు, బూర, తోరణం. అందులో 'వడుగప్పఱ' అని ఒక డప్పు కూడా ఉంది. తమిళ మలయాళ సీమల్లో వడుగులంటే మనవాళ్ళే. అంతమాత్రాన 'యూదులకి తెలుగు డప్పు' అని సంబరపడి వ్యాసాన్ని మన వైపు లాగకు. ఒక వాక్యంలో చెప్పి ముందుకు పో.

కొత్తరెడ్డిపాలెం గురించి అడిగావు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తమని బెనే ఎఫ్రాయీమ్, అంటే ఎఫ్రాయీము సంతతి యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నమాట నిజం. మాదిగ సమాజం నుంచి వచ్చినవాళ్ళు, తమ ప్రార్థనాలయం తాము కట్టుకున్నారు. అది వేరే కథ, ఇప్పుడు నడుస్తున్న కథ. కొచ్చి వ్యాసం చివర తోకలా తగిలిస్తే వాళ్ళకీ అన్యాయం, వీళ్ళకీ అన్యాయం. అక్కడికి వెళ్ళి నెల్లాళ్ళు ఉండగలిగినప్పుడు రాయి.

మధ్యలో నాజీల గ్యాస్ చాంబర్ల గురించి పేజీన్నర ఉంది. 60 లక్షల మంది చావుని కొచ్చి వ్యాసానికి బరువు కోసం అరువు తెచ్చుకోకూడదు. ఆ పేజీన్నర తీసి పక్కన పెట్టు, పారెయ్యకు, బాగా రాశావు.

ఈ వారాంతంలో పరవూరు బస్సెక్కి చేందమంగలం వెళ్ళు. పళ్ళి ముందు ఒక సమాధి రాయి నిలబెట్టి ఉంటుంది. 1269 నాటిది, హీబ్రూలో చెక్కిన పేరు సారా, ఇశ్రాయేలు కూతురు. మన దేశంలో దొరికిన హీబ్రూ సమాధి రాళ్ళలో అంతకంటే పాతది లేదంటారు. నువ్వు మొదటి పేరా అక్కడ మొదలుపెడతావో, కోడికూర దగ్గర మొదలుపెడతావో నీ ఇష్టం. ఎడిటర్‌తో నేను మాట్లాడాను, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. వానలు పడుతున్నాయి, గొడుగు పట్టుకెళ్ళు. ఎర్నాకుళం బస్టాండులో టీ మాత్రం తాగకు.

అక్క