అరచేతి గడ్డ, అరికాలి గడ్డ: జబ్బు ఒకటే, వైద్యం ఒకటి కాదు

మీ నాయనకి 58 ఏళ్లు, షుగర్ ఉంది, ఉంగరపు వేలి మొదట్లో ఒక గడ్డ, అరికాలి వంపులో ఇంకోటి, అలిపిరి మెట్లెక్కితే నొప్పి, కోయించాలా అని అడిగారు. చేతిది డ్యుపుట్రెన్, కాలిది లెడ్డర్‌హోస్ అనే జబ్బులాగుంది. రెండింట్లోనూ చర్మం కింది పీచు పొర మందమై గడ్డ కట్టడమే, క్యాన్సర్ కాదు. 'నరం పట్టేసింది' అంటారు గానీ నరానికీ, వేలిని లాగే తాడుకీ ఏమీ కాలేదు. నూనె మర్దనకి కరగదు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి, దీనికి కాదు.

ముందు వేరేవి కావని తేల్చుకోండి. వేలు టక్కుమని ఇరుక్కుని మళ్లీ వస్తుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. మన దగ్గర అదే ఎక్కువ. నమస్కారం పెట్టినప్పుడు రెండు చేతుల వేళ్లేవీ ఒకదానికొకటి ఆనక సందు మిగిలితే షుగర్ వల్ల కీళ్లు బిగుసుకున్నట్టు. ఉంగరపు, చిటికెన వేళ్లు వంగి, చిటికెన వేలి వైపు స్పర్శ కూడా తగ్గితే కుష్టు పరీక్ష తప్పదు. డ్యుపుట్రెన్‌లో స్పర్శ పోదు.

అరచేయి బల్లమీద బోర్లా పెట్టించండి. చదునుగా ఆనితే కత్తి అక్కర్లేదు. ఆనకపోతే పక్కనుంచి ఫోటో తీసి, పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినితో కొలవండి. మూడు నెలలకోసారి చాలు. వేలి మొదటి కీలు 30 డిగ్రీలు దాటి వంగినా, నడిమి కణుపు వంగడం మొదలైనా సర్జన్‌ని కలవాలి. నడిమి కణుపుని ఆలస్యం చేస్తే కీలే బిగుసుకుపోతుంది, ఆపరేషన్ చేసినా పూర్తిగా రాదు. వేలిని వంచుతున్న పీచు పట్టీని సూదితో తెంపితే త్వరగా కోలుకుంటారు, కానీ తిరగబెట్టడం ఎక్కువ. కోసి తీస్తే తిరగబెట్టడం తక్కువ, కానీ ఆ పీచు పట్టీ నరాన్ని పక్కకి లాగి ఉంటుంది, కోసేటప్పుడు నరం తెగే ప్రమాదం ఉంది. అందుకే చేతి సర్జరీ ప్రత్యేకంగా చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గరే, చేతి సర్జరీకి అక్కడ ప్రత్యేక విభాగముంది.

కాలి సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ వేళ్లు వంగడం అరుదు, నొప్పి ఒత్తిడి వల్లే. గడ్డ ఒక్కటే కోసి తీస్తే సగానికి పైగా మళ్లీ వస్తుంది, పైగా అరికాల్లో మచ్చ నొప్పెడుతుంది. ఆనికాయ అనుకుని మందు ప్లాస్టర్ వేయొద్దు. అందులోని యాసిడ్ చర్మాన్ని కాలుస్తుంది, షుగర్ వాళ్లకి అది పుండవుతుంది.

చేయాల్సింది చిన్న పని. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అట్ట, 6 మిల్లీమీటర్లది, చెప్పులో పట్టేలా కోయించండి. గడ్డ మీద తడి కుంకుమ రాసి, ఆ అట్ట మీద నిలబెట్టండి. మచ్చ పడిన చోట, దానికంటే కొంచెం వెడల్పుగా రంధ్రం చేయించండి. గడ్డ గాల్లో ఉంటుంది, బరువు చుట్టూ పడుతుంది. రంధ్రం ఇరుకైతే అంచు కోసుకుని నొప్పి పెరుగుతుంది.

కొండకి ఎలాగూ చెప్పుల్లేకుండానే నడుస్తారు. అలిపిరిలో 3550 మెట్లు, మెట్టు అంచు సరిగ్గా పాదం వంపులో పడితేనే పొడుస్తుంది. పాదం మొత్తం మెట్టు మీద పెట్టమనండి. అయినా నొప్పి తగ్గకపోతే ఈ ఏడు బస్సులో వెళ్లొచ్చు, స్వామి ఏమీ అనుకోడు.

గడ్డ వేగంగా పెరిగినా, 5 సెంటీమీటర్లు దాటినా, రాత్రి నిద్రలో నొప్పి వచ్చినా మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, ముందు ఎంఆర్‌ఐ తీయించండి.