కుక్కపిల్ల అల్లరి సంగతి తర్వాత, ముందు బాబు చేతి గాటు చూడండి

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబు నెల కిందట వీధిలో దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చాడు. ఇప్పుడు దానికి సుమారు రెండున్నర నెలలు. చెప్పులు కొరుకుతుంది, నా కొంగు పట్టి లాగుతుంది, హాల్లో మూత్రం పోస్తుంది. మావారు పేపరు చుట్టి కొడుతున్నారు. అత్తయ్య ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు, బాబు ఏడుస్తున్నాడు. నాలుగు రోజుల కిందట ఆడుతుంటే వాడి చేతికి దాని పన్ను గీరుకుని రక్తం వచ్చింది. ఏం చేయను?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు చివర రాశారు. కుక్కపిల్లలకూ రేబిస్ ఉండొచ్చు. లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ఇన్ని రోజులైంది కదా అని ఆగకుండా బాబును ఇవాళే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. టీకా ఉచితం. చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో ఇవాళ ఒక మోతాదు, అక్కణ్నుంచి 3, 7, 28వ రోజుల్లో మిగతావి ఇస్తారు. రక్తం వచ్చిన గాటుకు, టీకా పనిచేసేలోపు రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా వేయాల్సి ఉంటుంది, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మళ్లీ గీరుకుంటే వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు.

కుక్కపిల్లనూ పశువుల డాక్టరుకు చూపించండి. బరువును బట్టి నట్టల మందు ఇచ్చి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు టీకాలు మొదలుపెడతారు. ఆ టీకాలు మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే.

ఇక అల్లరి. ఆ వయసు పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ముగియగానే రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. పని అక్కడ పూర్తి చేసిన క్షణంలోనే శనగగింజంత ఉడికించిన కోడిమాంసం పెట్టి మెచ్చుకోండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. రాత్రి ఒకసారి మీరే లేపి తీసుకెళ్లాలి. హాల్లో పోసిన చోట ఒట్టి ఫినాయిల్ చాలదు, కింద వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి తుడవండి.

మీవారితో నెమ్మదిగా మాట్లాడండి. ఎప్పుడో పోసినదానికి ఇప్పుడు కొడితే అది నేర్చుకునేది ఒక్కటే, మనిషి కంట పడకుండా సోఫా వెనక పోయడం. చేయి ఎత్తితే భయపడే కుక్క పెద్దయ్యాక ఆ భయంతోనే కరుస్తుంది. ఇంట్లో పసివాడు ఉన్నాడు కాబట్టి ఈ విషయంలో మొహమాటపడకండి.

నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడతాయి, చిగుళ్లు దురద పెడతాయి. ఆరేడు నెలలకు కొరుకుడు బాగా తగ్గుతుంది. అప్పటిదాకా చెప్పులు పైన పెట్టండి. పాత చెప్పు ఆటకు ఇవ్వొద్దు, పాతదేదో కొత్తదేదో దానికి తేడా తెలియదు. తడి గుడ్డను మెలిపెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, మీరు దగ్గరుండి నమలనివ్వండి. కొంగు పట్టుకుంటే లాక్కోవద్దు, లాగితే అది ఆటే. కదలకుండా నిలబడి బొమ్మ చూపించండి. బాబు అరుస్తూ పరిగెత్తినా దానికి ఆటే. పన్ను తగలగానే ఆట ఆపి, అర నిమిషం తలుపు అవతలికి వెళ్లిపోవడం వాడికి నేర్పండి. పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ వదలొద్దు. సాయంత్రం మరీ చెలరేగితే నిద్ర చాలలేదని అర్థం. ఈ వయసులో రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకోవాలి, ఒక మూల అట్టపెట్టెలో పాత దుప్పటి వేసి పడుకోబెట్టండి.

అత్తయ్యగారిని తప్పుపట్టకండి. శుభ్రత గురించి ఆవిడ పట్టుదల న్యాయమైనదే. వంటగదికి, పూజగదికి అడ్డుపలకలు పెట్టించి, దాని పనేదీ ఆవిడ మీద పడదని మీరూ మీవారూ కలిసి చెప్పండి. తుడవడం ఎవరు, రాత్రి లేవడం ఎవరు అన్నది ఇద్దరూ ఇవాళే పంచుకోండి. ఎనిమిదేళ్లవాడి మీద ఆ భారం వేయొద్దు, నీళ్లగిన్నె నింపడం చాలు. ఇవన్నీ పాటించినా ఇంట్లో కుదరకపోతే తెలిసినవాళ్లకు పెంపకానికి ఇవ్వండి, కానీ మరో వీధిలో మాత్రం వదలొద్దు. అక్కడి కుక్కలు ఇంత చిన్నదాన్ని బతకనివ్వవు.