సంగీతం చివరి ఏడాది ప్రాజెక్టు: డిసర్టేషన్ రాయాలా, రికార్డింగ్ ఇవ్వాలా?

మీ పరిశోధన ప్రశ్నకు రుజువు ఎక్కడ దొరుకుతుందో దాన్ని బట్టే ఎంచుకోవాలి: కథలో, చరిత్రలో ఉంటే డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం), వినిపించే శబ్దంలో, చేతి కదలికలో ఉంటే రికార్డింగ్, దానికి తోడు వివరణ వ్యాసం.

దరువు మారిన తీరు గురించి పది పేజీలు రాసినా, అరనిమిషం వినిపించినంత స్పష్టంగా ఉండదు. కథ పాఠాంతరాలను పోల్చడానికి మాత్రం కాగితమే మేలు.

వరంగల్ దగ్గరి ఐనవోలు మల్లన్న జాతరలో డోలు, తాళాలతో చెప్పే జానపద కథ, ఒగ్గుకథనే తీసుకోండి. మల్లన్న కథ ఒక్కో బృందం దగ్గర ఎలా మారుతోందన్నది ప్రశ్న అయితే డిసర్టేషన్ చాలు. కథకుడు మాట నుంచి పాటలోకి మళ్లేటప్పుడు డోలు దరువు ఏమవుతుందన్నది ప్రశ్న అయితే రికార్డింగే కావాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైలుగా తీయండి. స్టీరియోలో గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. డోలు గట్టిగా పడ్డప్పుడు కూడా రికార్డర్ మీటర్‌లో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని, ఆటో గెయిన్ (రికార్డర్ తనంతట తానే లెవెల్ పెంచి తగ్గించే సౌకర్యం) తప్పకుండా ఆపేయండి. లేదంటే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా మొత్తం శబ్దం అణిగిపోయి, ఆ వెంటే వచ్చే తాళం, మాట మునిగిపోతాయి. తర్వాత దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం. కళాకారుల అనుమతి ముందే అడగాలి, అది వాళ్ల హక్కు.

రికార్డింగ్ ఇస్తే రాత తప్పుతుందనేది చాలామందికి ఉన్న అపోహ. తప్పదు. ఎంచుకున్న ఐదారు నిమిషాలను దెబ్బ దెబ్బగా రాసి, ఏ క్షణంలో ఏం మారిందో, ఎందుకు మారిందో వాదించి చూపాల్సిందే.