అడగండి కండక్టర్‌ని: మూడు కిలోమీటర్లు, ముళ్లకంపలు, గరికపాడు చెక్‌పోస్టు

పోయిన నెల ఒకావిడ "బస్సులో ఇద్దరే ప్యాసింజర్లతో ఎప్పుడైనా ట్రిప్ కొట్టారా" అని అడిగితే 2020 సంగతి ఏదో రెండు ముక్కలు రాశా. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లాక్‌డౌన్ మీదే, వాట్సాప్‌లో వచ్చినవి వేరే లెక్క. బస్‌పాస్ ప్రశ్నలు, రూట్ల ప్రశ్నలు అన్నీ వచ్చే నెలకి జరిపేశా, ఏమనుకోకండి.

మా ఇంట్లో పందెం నడుస్తోంది. హైదరాబాద్‌లో సిటీ బస్సులు 2020 జూన్‌కల్లా తిరిగాయని మా ఆయన, కాదు దసరాకి కాస్త ముందు గానీ మొదలవ్వలేదని నేను. ఓడినవాళ్లు బిర్యానీ తెప్పించాలి. మీరే తేల్చాలి. (ఒక పాఠకురాలు, ఉప్పల్)

బిర్యానీ మీదేనమ్మా. మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు డిపోలో పెట్టిన సిటీ బస్సు మళ్లీ రోడ్డెక్కింది సెప్టెంబర్ 25న, అదీ నాలుగో వంతు బస్సులే. అంటే ఆరు నెలలు దాటి. అంతకుముందు ఏడాది మా సమ్మె 52 రోజులు నడిచింది కదా, అప్పుడు కూడా టెంపరరీ డ్రైవర్లని పెట్టి ఎన్నో కొన్ని బస్సులు తిప్పారు, ఇలా మొత్తానికి మొత్తం ఆగడం నా సర్వీసులో చూళ్లేదు. మెట్రో మాకంటే ముందే సెప్టెంబర్ 7న మొదలైంది, మియాపూర్ ఎల్బీ నగర్ లైను ముందు, పొద్దున ఏడు నుంచి పన్నెండు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. ఎంఎంటీఎస్ అయితే మరీ అన్యాయం, 2021 జూన్ 23 దాకా రాలేదు.

మీ ఆయన అబద్ధం చెప్తున్నాడని మాత్రం అనకండి. జిల్లా బస్సులు మే 19నే మొదలయ్యాయి, మొదట్లో వాటిని సిటీలోకి రానివ్వలేదు, వరంగల్ వైపు నుంచి వచ్చేవి ఉప్పల్‌లో, నల్గొండ వైపువి హయత్‌నగర్‌లో, మహబూబ్‌నగర్ వైపువి ఆరాంఘర్‌లో ఆపేసేవాళ్లు. మీరుండేది ఉప్పల్ కాబట్టి ఆయన కళ్ల ముందు బస్సు కనబడే ఉంటుంది, అది సిటీ బస్సు అనుకుని ఉంటాడు. బిర్యానీ మీరు గెలిచారు, కనీసం రైతా ఆయనకి పెట్టండి.

నేను ఎనిమిదో తరగతి. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని మా టీచర్ చెప్పారు. మూడు కిలోమీటర్లు అయ్యిందని పోలీసులకి ఎలా తెలుస్తుంది? (ఒక విద్యార్థి, మెహిదీపట్నం)

మంచి ప్రశ్న నాన్నా, అప్పట్లో పెద్దవాళ్లు కూడా ఇదే అడిగారు. పాలు, కూరగాయలు, మందులు, ఏది కావాలన్నా ఇంటికి మూడు కిలోమీటర్ల లోపలే కొనుక్కోవాలని రూలు. ఆపినప్పుడు ఆధార్ కార్డు చూపించమనేవాళ్లు, అందులో అడ్రస్ ఉంటుంది కదా. దానికి తోడు సిగ్నళ్ల దగ్గరున్న కెమెరాలు బండి నంబర్ పట్టేసుకుంటాయి, ఆ బండి ఏ అడ్రస్ మీద రిజిస్టర్ అయ్యిందో చూస్తే ఎంత దూరం వచ్చాడో తెలిసిపోతుంది. ఇప్పుడు చూడు తమాషా, సిటీలో తిరిగే బళ్లలో ఎన్నిటికి ఊరి అడ్రస్సే ఉంటుందో. మా పక్కింటి కుర్రాడి బండి ఖమ్మంలో రిజిస్టర్ అయ్యింది, ఆ లెక్కన వాడు మా గల్లీ చివర పాల ప్యాకెట్‌కి వెళ్లినా రెండొందల కిలోమీటర్లు దాటేసినట్టే. పాపం వాడు కరెంటు బిల్లు జేబులో పెట్టుకుని తిరిగేవాడు, నేను ఇక్కడే ఉంటున్నా సార్ అని చూపించుకోడానికి. ఇంకో సంగతి కూడా రాసుకో, అప్పట్లో బండి మీద ఒక్కరే వెళ్లాలి, మాస్కు లేకపోతే వెయ్యి రూపాయలు ఫైను.

2020 మార్చిలో అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాణ్ని. హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు, పోలీస్ స్టేషన్లో లైన్లో నిలబడి పాస్ తీసుకున్నా, బైక్ మీద బయల్దేరితే ఆంధ్ర బోర్డర్లో గరికపాడు దగ్గర ఆపేశారు. ఆ రాత్రంతా రోడ్డు మీదే. ఇన్నేళ్లయినా నాకర్థం కాదు, పంపించేవాళ్లు పాస్ ఇచ్చాక రానిచ్చేవాళ్లు ఎందుకు ఆపాలి? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు)

తమ్ముడూ, ఆ రోజు ఉగాది. మార్చి 25. పొద్దున వేపపువ్వు పచ్చడి తినాల్సిన పిల్లలు మధ్యాహ్నానికి పోలీస్ స్టేషన్ల ముందు బ్యాగులతో లైన్లు కట్టారు, టీవీలో చూశాం. నీ పాస్ మీద సంతకం తెలంగాణ పోలీసుది. ఆ కాగితం చెప్పేది "ఇతన్ని మేం వెళ్లనిస్తున్నాం" అని, అంతవరకే. "మేం రానిస్తాం" అనే కాగితం ఆంధ్ర వైపు నుంచి రావాలి, అది ఎవరి దగ్గరా లేదు, వచ్చినవాళ్లని పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో పెట్టాలని వాళ్ల పట్టు. బస్సు లెక్కలో చెప్తా. నీ టికెట్ కోదాడ వరకే కొట్టారు, నువ్వేమో విజయవాడ దాకా కొట్టారనుకుని ఎక్కావు. తప్పు ప్యాసింజర్‌ది అని నేనెప్పుడూ అనను, టికెట్ ఇచ్చినవాడు చెప్పాలి ఇది ఎంతవరకో. ఆ రాత్రికే పాస్‌లు చెల్లవన్నారు, హాస్టళ్లు ఖాళీ చేయించొద్దన్నారు, అదే మాట పొద్దునే చెప్పుంటే ఇంతమంది రోడ్డెక్కేవాళ్లు కాదు కదా. ఆ రాత్రి నీకు తిండి ఎవరు పెట్టారో రాయలేదు నువ్వు, ఈసారి రాయి.

మాది కోదాడ, పుట్టిల్లు జగ్గయ్యపేట. పాతిక కిలోమీటర్లు కూడా లేదు. 2020 దసరాకి నేను రాలేదని, తర్వాత 2021 మేలో నాన్నకి ఒంట్లో బాగోనప్పుడు కూడా రాలేదని మా అన్నయ్య ఇప్పటికీ దెప్పుతాడు. దారులు మూసేశారు కదా అంటే నమ్మడు. మీరు ఆ రూట్లో పని చేశారని రాశారు కాబట్టి అడుగుతున్నా. (ఒక పాఠకురాలు, కోదాడ)

చెల్లెమ్మా, విజయవాడ రూట్లో పదకొండేళ్లు చేశా, నీకు సగం న్యాయం మీ అన్నయ్యకి సగం న్యాయం చెప్తా, కోపం తెచ్చుకోకు.

దసరా సంగతి ముందు. అప్పటికి లాక్‌డౌన్ లేదు, సొంత బళ్లు తిరుగుతున్నాయి. బస్సులే లేవు, దానికి కారణం కరోనా ఒక్కటే కాదు, రెండు ఆర్టీసీలకి కిలోమీటర్ల దగ్గర తేలలేదు, మీ బస్సులు మా రోడ్ల మీద ఎక్కువ తిరుగుతున్నాయంటే మీవి తక్కువేం కాదని, నెలల తరబడి మీటింగులే మీటింగులు. చివరికి నవంబర్ 2న సంతకాలయ్యాయి, చెరో లక్షా 61 వేల కిలోమీటర్ల దాకా అని. పండగేమో అక్టోబర్ 25. అయినా దసరాకి జనం ఇబ్బంది పడతారని ఆంధ్ర బస్సుల్ని బోర్డర్ చెక్‌పోస్టు దాకా నడిపారు, ఇటు నుంచి మన బస్సులో వెళ్లి దిగి, బోర్డర్లో ఉన్న పాలేరు వాగు వంతెన మీద బ్యాగు మోసుకుంటూ నడిచి, అటుపక్క వాళ్ల బస్సెక్కడం. పిల్లల్ని చంకనేసుకుని పిండివంటల క్యారేజీతో నడిచినవాళ్లు చాలామందే ఉన్నారు. కాబట్టి దసరాకి రాలేకపోయానంటే మీ అన్నయ్య నమ్మడు, నేనూ నమ్మను. భయపడి ఆగిపోయానని చెప్పు. ఆ రోజుల్లో భయపడనివాళ్లెవరు.

2021 మే అలా కాదు. ఆ మాట మీ అన్నయ్యకి నా పేరు మీద చదివి వినిపించు. ఆంధ్రలో మే 5 నుంచి కర్ఫ్యూ, పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా బయటికి రావచ్చు. మనకి మే 12 నుంచి లాక్‌డౌన్, ఆరు నుంచి పదింటి దాకానే. పాలేరుకి అటుపక్క కొట్లో ఇంకా ఉప్మా పెడుతుంటారు, ఇటుపక్క షట్టర్ వేసేసి గంటయ్యేది. నువ్వు ఆరింటికి బయల్దేరి అక్కడ నాన్నకి కాఫీ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడేలోపు వెనక్కి తిరగాలి, తిరిగొస్తే ఇటు ఈ-పాస్ అడుగుతారు. అసలు బోర్డర్‌కి ఇటుపక్క రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర పేషెంట్లున్న అంబులెన్సులనే ఆపేశారు, హైకోర్టు కలగజేసుకుంటే గానీ వదల్లేదు, ఇంక స్కూటీ మీద నిన్నెవరు వదుల్తారమ్మా. టైము మన దగ్గర ఆ నెలాఖరున ఒంటిగంట దాకా పెంచారు, ఇంటికి చేరడానికి ఇంకో గంట, జూన్ 10 నుంచి సాయంత్రం ఐదు, జూన్ 20కి మొత్తం ఎత్తేశారు.

నాన్న ఎలా ఉన్నారో రాయలేదు. బాగున్నారనే అనుకుంటున్నా.

మేం పాలు పోస్తాం. అప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లన్నీ దారికడ్డంగా ముళ్లకంపలు వేసుకున్నాయి. రోజూ పాలు పోయించుకునే ఊరే నన్ను లోపలికి రానివ్వలేదు. అది న్యాయమా? (ఒక పాఠకుడు, జనగామ దగ్గర)

న్యాయం కాదన్నా, కానీ ఆ కంప వేసినవాళ్ల మీద నాకు పెద్ద కోపం కూడా లేదు. అది ఏ ఆర్డర్‌లోనూ లేదు, వాళ్లంతట వాళ్లు తుమ్మకంప నరికి అడ్డమేసి, పక్కన ఇద్దరు కుర్రాళ్లని కర్రలిచ్చి కూర్చోబెట్టారు. సిటీ నుంచి ఎవడొస్తాడో ఏం మోసుకొస్తాడో అని. మా ఊళ్లో మా సొంత మేనల్లుణ్నే రెండు రోజులు పొలం దగ్గర మోటారు కొట్టంలో పడుకోబెట్టారు, తిండి మాత్రం వేళకి పంపారు. మీరేం చేశారు మరి, కంప ఇవతలే నిలబడి పాలు పోశారా? చాలాచోట్ల అలాగే జరిగింది, ఇవతల క్యాను అవతల గిన్నె, మధ్యలో తుమ్మముళ్లు. డబ్బులు నెలకోసారి కాబట్టి సరిపోయింది.

ఇది పేరు లేకుండా వెయ్యండి. 2020 ఏప్రిల్‌లో మా అమ్మని చూడ్డానికి వేరే వాళ్ల హాస్పిటల్ చీటీ చూపించి వెళ్లాను. అమ్మకి జబ్బేం లేదు. ఒక్కతే ఉంది, ఫోన్లో ఏడ్చింది. పోలీసాయన చీటీ చూసి జాగ్రత్తగా వెళ్లు బాబూ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. (హనుమకొండ)

పాస్ అప్లికేషన్లో కారణం అని ఒక గడి ఉండేది గుర్తుందా. వైద్యం, చావు, పెళ్లి. అమ్మ ఏడ్చింది అనేదానికి గడి లేదు. అందుకే ఆ రోజుల్లో అందరి దగ్గరా ఏదో ఒక అబద్ధం ఉండేది. నాది కూరగాయల సంచి. మా చెల్లెలిల్లు మా ఇంటికి నాలుగున్నర కిలోమీటర్లు, ఆవిడకి అప్పుడే ఆపరేషనయ్యి ఇంట్లో ఒక్కతే ఉంటే నేను సంచిలో రెండు సొరకాయలు వేసుకుని బయల్దేరేవాణ్ని, ఎవరాపినా రైతుబజార్ అనేవాణ్ని. వారం రోజులు అవే సొరకాయలు. ఎనిమిదో రోజు ఒక కానిస్టేబుల్ సంచిలోకి తొంగిచూసి "ఏం అంకుల్, ఇవి ముదిరిపోయినై, కొత్తవి కొనుక్కో" అని వదిలేశాడు. తెలిసే వదిలాడు. మీ పోలీసాయనకి కూడా తెలిసే ఉంటుంది బాబూ, రోజుకి వందమందిని ఆపేవాడికి చీటీ ఎవరిదో పట్టుకోవడం ఎంతసేపు.

అదే నెలలో నిజామాబాద్ జిల్లా బోధన్ నుంచి ఒక టీచరమ్మ స్కూటీ మీద నెల్లూరు వెళ్లి అక్కడ చిక్కుకుపోయిన కొడుకుని వెనకాల కూర్చోబెట్టుకుని తెచ్చుకుంది, రానూపోనూ 1,400 కిలోమీటర్లు. ఆవిడకి బోధన్ పోలీసు అధికారి లెటర్ రాసిచ్చాడు. అలాంటి అధికారి దొరికితే నిజం చెప్పొచ్చు, దొరకనివాళ్లు చీటీలు, సొరకాయలు పట్టుకుని తిరిగారు. ఒక్కటి మాత్రం అడుగుతా, ఆ చీటీ ఎవరిదో వాళ్లకి తిరిగిచ్చేశావా? వాళ్లకీ మందులు కావాలి కదా. ఇచ్చుంటే ఇంక ఆ సంగతి వదిలెయ్.

అప్పటి ఈ-పాస్ ప్రింటు, రెండు బస్సు టికెట్లు దాచాను. బీరువా సర్దుతూ మా ఆవిడ పారేయమంటోంది. ఉంచాలా? (ఒక పాఠకుడు, కర్నూలు)

పాస్ ఉంచండి, ప్రింటరు సిరా కాబట్టి అంత తొందరగా పోదు. టికెట్ల సంగతే చెప్పలేను. సెప్టెంబర్ 25న ఫస్ట్ ట్రిప్‌లో నేను కొట్టిన మొదటి టికెట్ ఒకటి నేనూ దాచుకున్నా, ఎక్కినాయన దిగేటప్పుడు సీట్లో వదిలేసి వెళ్తే తీసి పర్సులో పెట్టుకున్నా. మొన్న తీసి చూస్తే తెల్ల కాగితం. మిషన్ టికెట్ మీద అక్షరాలు వేడికి వస్తాయి, రెండు మూడు ఎండాకాలాలకి అవే పోతాయి. మీవి ఇంకా కనబడుతుంటే ఇవాళే జిరాక్స్ తీయించుకోండి.