ఒకసారి వద్దన్న కంపెనీకే మళ్లీ అప్లై చేయాలంటే

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో రెండో టెక్నికల్ రౌండ్‌లో పోయింది, నాలుగు నెలలైంది, అదే రోల్ మళ్లీ పడింది. కొత్త మెయిల్ ఐడీతో అప్లై చేయొచ్చా, ఆగాలా? రిక్రూట్‌మెంట్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

కొత్త మెయిల్ ఐడీ మాత్రం వద్దండీ. మిమ్మల్ని గుర్తుపట్టేది మెయిల్ ఒక్కటే కాదు. మొబైల్ నంబరు, పుట్టిన తేదీ, చాలాచోట్ల పాన్ నంబరు కూడా సరిపోల్చుతారు. అప్లై చేసిన రోజు దొరక్కపోయినా, ఆఫర్‌కి ముందు డాక్యుమెంట్లు ఎక్కించేటప్పుడు పాత రికార్డు బయటపడుతుంది. ఇంటర్వ్యూలో పోయినందుకు కొన్నాళ్లు ఆగితే చాలు. వివరాలు దాచారని రాసుకుంటే ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోవడం కష్టం. టీసీఎస్ నెక్స్ట్‌స్టెప్ లాంటి పోర్టల్‌లో పాత సీటీ లేదా డీటీ నంబరు, అంటే రిజిస్టర్ అయినప్పుడు ఇచ్చిన ఐడీ, మర్చిపోయినా అంతే. దాన్ని తిరిగి తెచ్చుకోండి, రెండో రిజిస్ట్రేషన్ చేయొద్దు.

ఇక ఆగాల్సిన గడువు, అదే కూలింగ్ పీరియడ్. ఎక్కువచోట్ల ఆరు నెలలు, కొన్నిచోట్ల మూడు, కొన్నిచోట్ల ఏడాది. ఎప్పటి నుంచి లెక్కపెడతారన్న దగ్గరే చాలామంది పొరబడతారు. కొందరికి అప్లై చేసిన తేదీ, కొందరికి చివరి ఇంటర్వ్యూ తేదీ, కొందరికి సిస్టమ్‌లో రిజెక్ట్ కొట్టిన తేదీ. ఇంటర్వ్యూ అయ్యాక స్టేటస్ మార్చడానికే రిక్రూటర్ మూడు వారాలు తీసుకోవచ్చు. అందుకని రిజెక్ట్ మెయిల్ వచ్చిన తేదీ నుంచి లెక్కేసుకుని పైన ఒక వారం కలుపుకోండి. గడువు ఆ ఒక్క రోల్‌కేనా, కంపెనీ మొత్తానికా అన్నది పాత రిక్రూటర్‌నే అడగండి. ఈ ప్రశ్నకు వాళ్లు మామూలుగా జవాబిస్తారు.

అందరూ ఆగాల్సిన పని కూడా లేదు. ఏ మెట్టు దగ్గర పోయిందో చూడాలి. రెజ్యూమే దగ్గరే ఆగిపోయి, ఫోన్ కూడా రాలేదంటే చాలాచోట్ల గడువు వర్తించదు, వేరే ఓపెనింగ్‌కి వెంటనే అప్లై చేయొచ్చు. రౌండ్లన్నీ దాటాక పొజిషన్ హోల్డ్‌లో పడిందనో, జీతం దగ్గర కుదరలేదనో, 90 రోజుల నోటీసు పీరియడ్ వల్ల వేరేవాళ్లను తీసుకున్నామనో చెప్పారంటే అది టెక్నికల్ రిజెక్ట్ కాదు. నేరుగా ఆ రిక్రూటర్‌కే రాయండి, పాత ఫీడ్‌బ్యాక్‌తోనే ముందుకు తీసుకెళ్లే వీలుంటుంది. మీది మాత్రం టెక్నికల్ రౌండ్. నాలుగో నెలలో అప్లై చేస్తే మనిషి చూసేలోపే సిస్టమ్ తిప్పికొట్టొచ్చు. కొన్నిచోట్ల ఆ ప్రయత్నమూ రికార్డులో చేరుతుంది.

ఈ రెండు నెలల్లో చేయాల్సిన అసలు పని రెజ్యూమే సరిచూసుకోవడం. మీ పాత రెజ్యూమే, పాత ప్యానెల్, అంటే మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసినవాళ్లు, రాసిన నాలుగు ముక్కలు ప్రొఫైల్‌లో అలాగే ఉంటాయి. కొత్తదాన్ని వాటి పక్కన పెట్టి చదివేవాళ్లున్నారు. మార్చిలో 3.2 అనుభవం, అంటే మూడేళ్ల రెండు నెలలు, అని రాసి అక్టోబరులో 5 అని రాస్తే అక్కడితో సరి. అది 3.9 అవ్వాలి. అప్పుడు సపోర్ట్ ఇంజనీర్ అన్నవారు ఇప్పుడు అదే కంపెనీ, అవే తేదీలకు డెవలపర్ అన్నా అంతే. చేరిన, మానేసిన తేదీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో కలవాలి, జీతం పేస్లిప్‌తోనూ ఫారం 16తోనూ కలవాలి. అమీర్‌పేటలో ఎవరో తయారుచేసిచ్చిన అనుభవం అతికించుకుంటే మొదటిసారి తప్పించుకున్నా, రెండోసారికి పాత కాపీయే సాక్ష్యం.

మారాల్సినవి వేరే ఉన్నాయి. ప్యానెల్ ఎక్కడ పట్టుకుందో అదే రెజ్యూమే మొదటి పేజీ పైభాగంలో జవాబుగా కనిపించాలి. డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ దగ్గర తడబడ్డారనుకోండి. స్కిల్స్ వరుసలో ఎస్‌క్యూఎల్ అని ఇంకోసారి రాస్తే ఏమీ రాదు. ఏ క్వెరీ నెమ్మదిగా నడిచింది, ఏ ఇండెక్స్ వేశారు, టైమ్ ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఈ మూడూ ఒక్క లైనులో రాయండి. సర్టిఫికేట్ ఒక్కటే కొత్తగా ఉంటే నా లెక్కలో పెద్ద మార్పు కాదు, పనిలో వాడిన దాఖలా కావాలి. ఫీడ్‌బ్యాక్ చెప్పలేదంటే అప్పుడు అడిగిన ప్రశ్నలు గుర్తున్నంతవరకు రాసుకోండి. ఏ ప్రశ్న తర్వాత వాళ్లు లోతుకు వెళ్లడం మానేశారో అక్కడే పోయిందని అర్థం. ఫైల్ మాత్రం ఒకే కాలమ్‌లో ఉంచండి. టేబుళ్లు, రెండు కాలమ్‌లు పెడితే వర్క్‌డే లాంటి పోర్టల్ తేదీలను తారుమారుగా నింపొచ్చు. సబ్‌మిట్ నొక్కేముందు ప్రతి గడీ చూసుకోండి.

రెఫరల్ గురించి. లోపల పనిచేసే స్నేహితుడు కూలింగ్ పీరియడ్‌ను తగ్గించలేడు, గడువు తీరాక మీ ప్రొఫైల్‌ను పైకి తేగలడు, అంతే. మీరు ముందే సొంతంగా అప్లై చేసేస్తే అతని పోర్టల్‌లో డూప్లికేట్ అని వస్తుంది, కాబట్టి మొదట అతన్ని ఎక్కించనివ్వండి. పాత రిజెక్ట్ సంగతి అతనికి ముందే చెప్పాలి. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లుంటే ఇంకో చిక్కు: కొన్ని నెలలపాటు ఆ ప్రొఫైల్ వాళ్ల ఖాతాలోనే ఉంటుంది. ఎప్పటితో తీరుతుందో కనుక్కోకుండా రెండో కన్సల్టెన్సీకి ఓకే మెయిల్ పెట్టకండి. రెండు కన్సల్టెన్సీల నుంచి ఒకే పేరు వస్తే ఆ తగాదా ఎందుకని రెండూ పక్కన పడేస్తారు.

గడువు తీరడానికి పది రోజుల ముందు పాత రిక్రూటర్‌కు చిన్న మెయిల్ పెట్టండి. ఏ నెలలో, ఏ రోల్‌కి, ఏ రౌండ్ వరకు వెళ్లారు. అప్పటి నుంచి పనిలో కొత్తగా చేసిందేమిటి. ఇప్పుడు చూస్తున్న జాబ్ ఐడీ ఎంత. బతిమాలడం, పాత ప్యానెల్ మీద ఫిర్యాదు, రెండూ అక్కర్లేదు. ఫారంలో 'ఇంతకుముందు ఇంటర్వ్యూకి హాజరయ్యారా' అని ఉంటే అవును అనే పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగినా రెండు వాక్యాల్లో చెప్పేసి నేరుగా కొత్త పనిలోకి వెళ్లండి. ఒకే రోజు పదిహేను రోల్స్‌కి అప్లై చేయడం మాత్రం వద్దు. మీకేం కావాలో మీకే తెలియదన్నట్టు కనిపిస్తుంది. సరిపోయేవి ఒకటో రెండో చాలు.

డబ్బిస్తే కూలింగ్ పీరియడ్ తీసేయిస్తామని వాట్సాప్‌లో ఎవరైనా అంటే నంబర్ బ్లాక్ చేయండి. అభ్యర్థి డబ్బు తీసుకుని రికార్డు మార్చే పద్ధతి ఏ మంచి కంపెనీలోనూ లేదు.