ఫ్యాక్టరీ పక్కన ఆఫీసు కడుతున్నాం, ముందుభాగమంతా అద్దాలు పెట్టించవచ్చా?

వరంగల్ దగ్గర నూలు మిల్లు ఆవరణలో అరవై మందికి రెండంతస్తుల ఆఫీసు కడుతున్నామని రాశారు. రోడ్డు పడమర వైపు ఉంది కాబట్టి ఆ ముఖమంతా అద్దాలతో కట్టి, పైన సోలార్ పలకలు పరిస్తే పర్యావరణహిత భవనం అవుతుందని మీ ఆర్కిటెక్టు చెబుతున్నారట. పలకల సంగతి తర్వాత. ముందు ఆ అద్దాల దగ్గర ఆగండి. మేము ఆ తప్పు చేసి చాలా వేసవులు అనుభవించాం.

నేను ఈ ప్రాంతంలోనే ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. మా పాత ఆఫీసు మీరు వర్ణించినట్టే ఉండేది, ఫొటోలో బ్రహ్మాండం. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు దాటాక అకౌంట్స్ వాళ్లు కుర్చీలు లాక్కుని లోపలి గోడ పక్కకు చేరేవారు. అద్దం వెనక ఉన్న ఇనుప బీరువా పిడి తిప్పాలంటే చేతిరుమాలు అడ్డం పెట్టుకోవాలి. మొదట తెరలు కట్టారు, తర్వాత నల్ల ఫిల్మ్ అంటించారు, అదీ చాలక చివరికి పాత దినపత్రికలు అతికించారు. వెలుతురు కోసం పెట్టిన అద్దాలను మూసుకుని పట్టపగలు ట్యూబులైట్ల కింద లెక్కలు రాసుకున్నాం.

దక్షిణపు ఎండ నడినెత్తి నుంచి వస్తుంది, రెండడుగుల చజ్జా దాన్ని చాలావరకు ఆపుతుంది. పడమటి ఎండ వాలుగా వచ్చి నేరుగా ముఖాన కొడుతుంది, దానికి ఎంత చజ్జా వేసినా చాలదు. ఉత్తరం వైపు ఎండే రాదనుకోవడం కూడా పొరపాటే. వరంగల్ సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. ఆ కిటికీలకూ చిన్న చజ్జా వేయించండి.

కొత్త ఆఫీసు కట్టినప్పుడు పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, పడమర వైపు మెట్లు, రికార్డు గది వేశాం. నైరుతి బరువుగా ఉండాలని మా యజమాని వాస్తు పట్టుదల. నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు కానీ, ఈ ఒక్కసారి ఇద్దరం ఒకే గీత మీద సంతకం పెట్టాం. గోడలకు ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు వాడాం. రామప్ప శిఖరానికి తేలిక ఇటుకలు పేర్చిన నేల మనది, బరువు తగ్గించడం మనకు కొత్త సంగతి కాదు. ఈ బ్లాకులు వేడిని బాగానే ఆపుతాయి. కానీ మా మేస్త్రి మామూలు ఇటుకలాగే కట్టుకుపోయాడు. స్తంభం, గోడ కలిసే చోటల్లా ఏడాది తిరక్కుండానే వెంట్రుక పగుళ్లు వచ్చాయి. ఆ కీళ్ల మీద చికెన్ మెష్ (సన్నటి ఇనుప వల) పెట్టాకే ప్లాస్టరింగ్ చేయమని ముందే చెప్పండి.

పైకప్పు మీద తెల్ల చైనా మొజాయిక్, అంటే తెల్ల పింగాణీ పలకల ముక్కలు వేయించాం. పాతకాలం మిద్దెకు సున్నం కొట్టినట్టే ఇది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానమే తెచ్చింది కాబట్టి, దీని గురించి మీ ఆర్కిటెక్టుతో వాదించాల్సిన పని ఉండదనుకుంటాను.

ఇక ఎవరూ మాట్లాడని విషయం, పక్కనున్న మిల్లు. ఊళ్లో ఆఫీసుకు లేని ఇబ్బంది మనకు ఉంటుంది, దూది నుసి. పాత భవనంలో ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు మిల్లు వైపు గోడకు ఉండేవి. ఒక రోజు మెకానిక్ వెనక జాలీ మీద నుంచి నుసిని దుప్పటి ఒలిచినట్టు ఒక్క ముక్కగా ఒలిచి నా చేతిలో పెట్టాడు. దాని వెనక ఏసీ ఊపిరాడక కరెంటు తాగుతోందని ఆ రోజు దాకా మాకు తెలియదు. పైగా కంప్రెసర్ గది వేడి గాలి వదిలే జాలీ తిన్నగా మా కిటికీల వైపే ఉండేది. గాలి కంప్రెసర్‌కు ఇచ్చే కరెంటులో దాదాపు 90 శాతం వేడిగానే బయటికి పోతుంది. కొత్తచోట ఆ జాలీని ఆఫీసుకు అవతలి వైపు తిప్పి, ఆ వేడిలో కొంత క్యాంటీన్ నీళ్లు కాచుకోవడానికి వాడుకున్నాం. ఖర్చు పెట్టిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

సోలార్ పలకలు పెట్టండి, కానీ ఆఫీసు మీద కాదు, మిల్లు షెడ్డు మీద. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి, ఆ చోటు అక్కడే ఉంది. నుసి పడుతుంది కాబట్టి కడగడానికి నీటి పైపు, నడవడానికి దారి మొదటే పెట్టించుకోండి. మిల్లు మొత్తం కరెంటు ఖర్చు ముందు ఆఫీసు వాటా చాలా చిన్నది. ఈ భవనంతో మిల్లు బిల్లు తగ్గుతుందని యజమానికి మాట ఇవ్వకండి.

ఏసీలకు బదులు కూలర్లు పెట్టవచ్చా అని కూడా అడిగారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు, ఆ పొడి గాలికి అవి బాగా పనిచేస్తాయి. వానలు మొదలయ్యాక చెమట తప్ప చల్లదనం ఉండదు. హాలుకు, క్యాంటీన్‌కు కూలర్లు, కంప్యూటర్ల గదులకు ఏసీలు పెట్టుకోండి, సీలింగ్ ఫ్యాన్లు మాత్రం ఎక్కడా మానవద్దు.

మీ కంప్రెసర్ గది, జనరేటర్, దూది దించే చోటు ఆఫీసు స్థలానికి ఏ దిక్కున ఉన్నాయో రాయండి. అవి తెలిస్తే కిటికీలు ఎటు పెట్టుకోవచ్చో, అవుట్‌డోర్ యూనిట్లు ఎక్కడ బిగించాలో నాకు తోచినంత చెబుతాను.